కొలిచే గుణాలకు చిరునామా

విజయనగరం జిల్లాలో చంపావతి ఒక ఏరు, వేగవతి ఇంకో ఏరు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం లెక్కల్లో మాత్రం ఇవి రెండూ చోడి రకాలు: వీఆర్ 708 చంపావతి, వీఆర్ 929 వేగవతి. వీటికి తోడు వీఆర్ 762 భారతి, వీఆర్ 847 శ్రీ చైతన్య. మిగతా చోట్ల రాగి అనీ, తెలంగాణలో తైదలు అనీ పిలిచే పంటే ఉత్తరాంధ్రలో చోడి. రకరకాల చోడిని పక్కపక్క మడుల్లో నాటి చూడండి. ఒకటి తొందరగా కంకి తీస్తుంది, ఇంకొకటి నిదానిస్తుంది. ఒకదానికి పిలకలు ఎక్కువ, ఒకదానికి గింజ బరువు. అగ్గి తెగులు ఒక మడిని మాడ్చేసి, గట్టు అవతల మడిని సగంలో వదిలేస్తుంది. తేడా జన్యువుల్లో ఉందని అందరికీ తెలుసు. ఏ క్రోమోజోమ్ మీద, ఏ చోట ఉందో చెప్పమంటేనే చిక్కు. ఆ చిక్కు విప్పడానికి కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్తలు గణాంక సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటారు. తెర మీద ఎత్తుపల్లాల గీత ఒకటి వస్తుంది. ఆ గీత ఎలా పుడుతుంది, దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే ఇక్కడి విషయం.

ముందు గుణాల సంగతి. కొన్ని గుణాలు ఉంటాయి, లేదా ఉండవు. చోడి మొక్క కణుపుల దగ్గర ఊదా రంగు ఉంటుంది, లేదంటే పచ్చగానే ఉంటుంది. చూడగానే చెప్పొచ్చు. మెండెల్ బఠాణీలతో చూపించినది ఇలాంటి గుణాలనే. మరికొన్నింటికి స్కేలో తూకమో కావాలి. మొక్క ఎత్తు, కంకి తీయడానికి పట్టే రోజులు, కంకిలో వేళ్ళ పొడవు, వెయ్యి గింజల బరువు, ఎకరం దిగుబడి, గింజలో కాల్షియం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల చోళ్ళలో సగటున 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆ సగటు చుట్టూ రకాన్ని బట్టి, నేలను బట్టి బోలెడంత తేడా. ఇలాంటి గుణాల్లో 'ఉంది, లేదు' అనే గీత గీయలేం. తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని మెట్లూ కనబడతాయి. చాలా జన్యువులు తలా కొంచెం చెయ్యి వేసి, దానికి నేల, వాన, ఎరువు కలిస్తే ఇలాగే ఉంటుందని 1918లో రోనాల్డ్ ఫిషర్ లెక్కగట్టి చూపాడు. అలా చెయ్యి వేసిన జన్యువు ఉండే చోటునే క్యూటీఎల్ అంటారు. కొలిచే గుణానికి సంబంధించిన స్థానం అని అర్థం.

జన్యువు కంటికి కనబడదు. దాని పక్కన కనబడేది ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుని వెతకొచ్చు. 1923లో కార్ల్ సాక్స్ చిక్కుళ్ళలో ఇదే చేశాడు. గింజ పైతొక్క రంగును బట్టి మొక్కలను వేరు చేసి చూస్తే గింజ బరువులోనూ తేడా వచ్చింది. రంగు బరువును పెంచదు. రంగును నిర్ణయించే జన్యువూ, బరువును పెంచే జన్యువూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉండి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు కలిసే దిగుతున్నాయి. అదే కిటుకు. అయితే రంగులాంటి గుర్తులు మొక్కకు ఎన్ని ఉంటాయి? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ కిటుకు అరవై ఏళ్ళు పెద్దగా పనికిరాకుండా పడి ఉంది. 1980ల్లో డీఎన్ఏ మీదనే గుర్తులు చదవడం మొదలయ్యాక గుర్తులకు కొరత తీరింది. వీటినే మార్కర్లు అంటున్నాం. ఇప్పుడు వేలల్లో దొరుకుతాయి.

మార్కర్లతో వెతకడం ఎలాగో తెలియాలంటే పోలికకు హౌరా–చెన్నై రైలు మార్గం తీసుకోండి. విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు. రైల్లో సంచీ పోయింది. చీపురుపల్లిలో ఉంది, పొందూరు వచ్చేసరికి లేదు. సంచీ ఏ గట్టు పక్కన పడిందో తెలియదు గానీ ఈ రెండు స్టేషన్ల మధ్య వెతకాలని తెలిసింది. మార్కర్లు స్టేషన్లు, క్యూటీఎల్ సంచీ. సాఫ్ట్‌వేర్ చెప్పేది ఏ రెండింటి మధ్య వెతకాలన్న మాటే. జన్యువు దొరికిందని వార్త వచ్చినప్పుడు చాలాసార్లు దొరికింది ఈ మధ్య దూరమే. అందులో వందల జన్యువులు ఉండొచ్చు.

వెతకాలంటే ముందు కుటుంబం కావాలి. గుణంలో బాగా తేడా ఉన్న రెండు రకాలను సంకరం చేస్తారు. ఉదాహరణకు తొందరగా కోతకొచ్చేది ఒకటి, ఆలస్యంగా వచ్చేది ఒకటి. మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. వాటిని తమలో తాము గింజ కట్టనిస్తే రెండో తరంలో గుణాలు చెదురుతాయి. ఇక్కడి నుంచి ఒక్కో మొక్క నుంచి ఒక్కో గింజే తీసుకుంటూ ఇంకో అయిదారు తరాలు నడిపిస్తే, ప్రతి వరసా స్థిరపడిపోతుంది. ఒక వరస క్రోమోజోమ్‌లో ఈ ముక్క తల్లిది, ఆ ముక్క తండ్రిది. పక్క వరసలో ముక్కల కూర్పు వేరు. వీటిని రిల్స్ అని పిలుస్తారు. స్థిరపడ్డ వరసలు కాబట్టి అదే విత్తనాన్ని ఈ ఏడు విజయనగరంలో, వచ్చే ఏడు అరకులో వేసి కొలవొచ్చు. రెండో తరం మొక్కకు ఆ సౌలభ్యం లేదు. ఒక్క మొక్క, ఒక్కసారే కొలత.

చోడిలో ఈ మొదటి మెట్టే కష్టం. పువ్వు మరీ చిన్నది, తన పుప్పొడితో తానే గింజ కట్టేస్తుంది. చేత్తో పుప్పొడి తిత్తులు తీయడం ఓర్పుకు పరీక్ష. అందుకే వేడినీళ్ళలో కంకిని ముంచి పుప్పొడిని చంపడం, రెండు కంకులను దగ్గరగా చేర్చి కట్టేయడం లాంటి పద్ధతులు వాడతారు. ఊదా రంగు మొక్కను తండ్రిగా పెట్టుకోవడం పాత ఉపాయం. పచ్చ తల్లికి పుట్టిన మొక్కలో ఊదా రంగు కనబడితే సంకరం నిజంగా జరిగినట్టు. సాక్స్ చిక్కుడు గింజ రంగుతో చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే పట్టిక. ఎక్సెల్‌లో మామూలుగా తయారుచేసే పట్టికే. ఒక్కో వరసకు ఒక్కో అడ్డగీత. మొదటి నిలువు గళ్ళలో కొలతలు: కంకి తీసిన రోజులు, ఎత్తు, గింజ బరువు. మిగిలిన గళ్ళన్నీ మార్కర్లు. మార్కర్ దగ్గర తల్లి ముక్క ఉంటే ఏ, తండ్రి ముక్క ఉంటే బీ, చదవడం కుదరకపోతే ఖాళీ. నాలుగైదు వందల మార్కర్లయితే పట్టిక కుడివైపుకు సాగుతూనే ఉంటుంది.

ఇక లెక్క. అంకెలు ఊహించుకుని చేద్దాం. నూరు వరసలు ఉన్నాయి. ఒక మార్కర్ దగ్గర 50 వరసలకు ఏ, 50 వరసలకు బీ. ఏ గుంపు సగటున 78 రోజులకు కంకి తీసింది, బీ గుంపు 82 రోజులకు. తేడా నాలుగు రోజులు. ఇది నిజమైన తేడానా, కాకతాళీయమా? ఒకే గుంపులోని వరసల మధ్య కూడా సగటుకు అటూ ఇటూ అయిదేసి రోజుల చెదురు ఉందనుకుందాం. అప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు కథలను పోలుస్తుంది. ఈ చోట ఏమీ లేదు, అందరి సగటూ ఒకటే అన్నది ఒక కథ. ఈ చోట ఏదో ఉంది, రెండు గుంపుల సగటులు వేరు అన్నది రెండో కథ. చేతిలో ఉన్న కొలతలకు రెండో కథ ఎన్ని రెట్లు బాగా అతుకుతుందో లెక్కగట్టి, దాన్ని పది ఘాతంగా రాస్తే వచ్చేదే లాడ్ స్కోర్. 1 అంటే 10 రెట్లు, 2 అంటే 100, 3 అంటే 1,000. మన ఉదాహరణలో లాడ్ దాదాపు 3.2 వస్తుంది. అంటే సుమారు 1,600 రెట్లు. అదే నాలుగు రోజుల తేడా, అదే చెదురు, కానీ గుంపుకు పదేసి వరసలే ఉంటే లాడ్ దాదాపు 0.6 దగ్గరే ఆగిపోతుంది. నాలుగు రెట్లు మాత్రమే. తేడా ఎంతో చూడటం సరిపోదు, దాన్ని ఎన్ని వరసలు సాక్ష్యం చెబుతున్నాయో కూడా చూడాలి.

ప్రతి మార్కర్ దగ్గరా ఇదే లెక్క చేసి, క్రోమోజోమ్ పొడవునా లాడ్‌ను గీతగా గీస్తే అక్కడక్కడ శిఖరాలు లేస్తాయి. మార్కర్ల మధ్య ఖాళీల్లో ఏముందో కూడా ఊహించి లెక్క చేయొచ్చని 1989లో ఎరిక్ లాండర్, డేవిడ్ బాట్‌స్టీన్ చూపారు. రెండు పక్కల మార్కర్లూ ఏ అయితే మధ్య ముక్క కూడా చాలావరకు ఏ నే అయ్యుండాలి. ఒకటి ఏ, ఒకటి బీ అయితే మధ్యలో ఎక్కడో మారింది. దూరాన్ని బట్టి ఆ అవకాశాన్ని లెక్కిస్తారు. 1987లో వచ్చిన మ్యాప్‌మేకర్ మార్కర్లను వరసలో పేర్చే పని చేసేది, దాని తోబుట్టువు క్యూటీఎల్ వెతికేది. తర్వాత నార్త్ కరోలినా నుంచి క్యూటీఎల్ కార్టోగ్రాఫర్, చైనా వ్యవసాయ శాస్త్రాల అకాడమీ నుంచి ఐసీఐ మ్యాపింగ్, 2003లో కార్ల్ బ్రోమన్ బృందం నుంచి ఆర్/క్యూటీఎల్ వచ్చాయి. చివరిది ఆర్ అనే ఉచిత గణాంక భాషలో నడుస్తుంది. రూపాయి ఖర్చు లేదు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. స్కాన్‌వన్ అనే ఒక్క ఆదేశంతో క్రోమోజోములన్నీ నిమిషాల్లో వెతికేస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో దూరాన్ని లెక్కించే పద్ధతి అడిగే చోట, మనం ఏమీ చెప్పకపోతే అది తనంత తానుగా తీసుకునే పేరు హాల్డేన్. క్రోమోజోమ్ ముక్కలు మారే అవకాశాన్ని దూరంగా మార్చే సూత్రాన్ని జె.బి.ఎస్. హాల్డేన్ 1919లో రాశాడు. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశానికి వచ్చేశాడు. ముందు కలకత్తా, తర్వాత భువనేశ్వర్. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లోనే కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ప్రపంచంలో ఏ మూల ఎవరు ఆర్/క్యూటీఎల్ తెరిచినా మొదట పలకరించే మనిషి చివరి మజిలీ కాకినాడ.

తెలుగువారి వాటా ఇంకోటి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణితం ఎంఏ చదివిన సి.ఆర్. రావు, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర చేరినప్పుడు గురువు ఆయనకు అప్పగించిన పనుల్లో చిట్టెలుకలను పెంచి, వాటి క్రోమోజోముల మీద జన్యువుల స్థానాలు తేల్చడం ఒకటి. 1948లో ఆయన ప్రచురించిన స్కోర్ పరీక్షను నేడు లక్షల మార్కర్లతో చేసే వెతుకులాటల్లో విరివిగా వాడుతున్నారు. కారణం తేలిక. ప్రతి మార్కర్ దగ్గరా రెండు కథలనూ పూర్తిగా లెక్కించనక్కర్లేదు. ఏమీ లేదన్న కథ ఒక్కదాన్ని ఒకసారి లెక్కిస్తే చాలు. లక్షల సార్లు చేసే పనిలో ఆ ఆదా చిన్నది కాదు.

శిఖరం కనబడింది. ఎంత ఎత్తుంటే నమ్మాలి? ఒక్క చోటే వెతికితే లాడ్ 2 కూడా గట్టి సాక్ష్యమే. మనం వందల చోట్ల వెతుకుతున్నాం. అన్ని చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట కాకతాళీయంగా శిఖరం లేవడం ఖాయం. దీనికి గ్యారీ చర్చిల్, రెబెకా డోర్జ్ 1994లో చెప్పిన మందు నాకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చుతుంది. మార్కర్ గళ్ళను కదపొద్దు. కంకి తీసిన రోజుల గడిని మాత్రం కిందామీదా కలిపేయండి. అంటే ఒక వరస కొలతను ఇంకో వరస ముందు పెట్టేయండి. ఇప్పుడు మార్కర్లకూ కొలతలకూ ఏ సంబంధమూ లేదు. ఏ శిఖరం లేచినా అది అబద్ధమే. అప్పుడు మొత్తం క్రోమోజోములు వెతికి అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం రాసిపెట్టుకోండి. మళ్ళీ కలపండి, మళ్ళీ వెతకండి. ఇలా వెయ్యి సార్లు. వెయ్యి అబద్ధపు శిఖరాలను ఎత్తు వరసలో పేరిస్తే 950వ దాని ఎత్తే మన గీటురాయి. అసలు పట్టికలో వచ్చిన శిఖరం దాన్ని దాటితే, ఇంత ఎత్తు కేవలం అదృష్టంతో రావడం నూటికి అయిదు సార్ల కన్నా తక్కువ. గీటురాయి సాధారణంగా 3 చుట్టుపక్కల తేలుతుంది. మన నేల, మన వరసలు, మన మార్కర్లు ఇచ్చిన అబద్ధాలతోనే మన నిజాన్ని కొలుస్తున్నాం. ఎక్కడో అచ్చయిన పట్టికతో పనిలేదు.

గీటురాయి ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. పరిశోధనా పత్రాల్లో 'ఈ క్యూటీఎల్ గుణంలోని తేడాలో 15 శాతాన్ని వివరిస్తుంది' అని కనబడుతుంది. నూరు వరసలతో లాడ్ 3 రావాలంటే ఆ చోటు మొత్తం తేడాలో కనీసం 13 శాతం వివరించాలి. లెక్క అలా ఉంది, దాన్ని ఎవరూ తప్పించుకోలేరు. నిజానికి 5 శాతమే వివరించగల జన్యువు ఒకటి ఉందనుకోండి. నూరు వరసల్లో దానికి న్యాయంగా రావలసిన లాడ్ 1.1. గీటురాయి దాటదు, మనకు కనబడదు. కొలతల్లోని కాకతాళీయం దానికి అనుకూలంగా కలిసొచ్చి, 5 శాతం 13 లాగా తయారైన ఏడాదే అది కనబడుతుంది. కాబట్టి చిన్న కుటుంబంలో పట్టుబడిన క్యూటీఎల్‌లకు అంకెలు దాదాపు ఎప్పుడూ ఉబ్బే ఉంటాయి. విలియం బీవిస్ 1990ల్లో దీన్ని లెక్కలతో రుజువు చేశాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. అదే 5 శాతం జన్యువును 300 వరసల్లో వెతికితే లాడ్ 3.3 దాకా వస్తుంది. ఉబ్బకుండానే కనబడటానికి అవకాశం ఉంటుంది. నూరు వరసలతో పది క్యూటీఎల్‌లు కనుక్కున్నామని చెప్పే పత్రం కన్నా, మూడు వందల వరసలతో మూడు చోట్లు చూపించే పత్రం మీదే నాకు గురి.

ఇంతవరకు చెప్పుకున్నదంతా పట్టికలోని కొలతలు నిజమని నమ్మి. ఆ కొలతలు వచ్చేది పొలం నుంచి. ఇందాకటి ఉదాహరణకే మళ్ళీ వెళదాం. నాలుగు రోజుల తేడా అలాగే ఉంది. కానీ కంకులను రోజూ చూడాల్సింది వారానికోసారి చూసి రాశారు, ఎర్ర నేల మడిలో ఒక కొస పల్లంగా ఉండి నీరు నిలిచింది, రెండు విత్తన పొట్లాలు తారుమారయ్యాయి. గుంపు లోపలి చెదురు అయిదు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. లాడ్ 3.2 నుంచి 1.7కు పడిపోతుంది. ఉన్న జన్యువు మాయమైపోయింది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. పొట్లాలు తారుమారైతే మార్కర్ల వైపు నుంచి కొంత పట్టుకునే ఏర్పాట్లు ఆర్/క్యూటీఎల్‌లో ఉన్నాయి. రెండు వరసలు అచ్చం ఒకేలా ఉన్నా, ఒక వరసలో ముక్కల మార్పిడి ఉండాల్సిన దానికన్నా మరీ ఎక్కువగా ఉన్నా చూపిస్తుంది. పల్లపు కొసను మాత్రం పొలంలోనే చూసుకోవాలి. అందుకే ఒక్కో వరసను రెండు మూడు చోట్ల, చీటీ తీసినట్టు ఎక్కడపడితే అక్కడ నాటుతారు. ఫిషర్ ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో నేర్పిన ఈ జాగ్రత్తను మన వ్యవసాయ కళాశాలల పిల్లలు పాన్సే, సుఖాత్మే పుస్తకంలో చదువుకుంటారు. చదివి పరీక్ష రాసి మరిచిపోయేవాళ్ళే ఎక్కువ, అది వేరే సంగతి.

తుపాను ఉండనే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని తాకింది. 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరులోనే. ఖరీఫ్ పంట కోతకొచ్చే వేళకే గాలి వస్తుంది. ఆ ఏడు దిగుబడి గడిలో ఉండేది దిగుబడి కాదు, ఏ వరస పడిపోయింది, ఏది నిలబడింది అన్నది. ఆ అంకెల మీద సాఫ్ట్‌వేర్ నడిపితే శిఖరం లేస్తుంది, దానికి కింద కాండం గట్టిదనం ఇచ్చే జన్యువు ఉండొచ్చు. దాన్ని దిగుబడి క్యూటీఎల్ అని అచ్చేస్తే మరుసటి ఏడు అది కనబడదు. నాకు తెలిసి ఒక సీజను, ఒకే చోటు కొలతల మీద కట్టిన మ్యాపులను పక్కన పెట్టడమే మేలు.

ఈ పద్ధతి పొలం దాకా వచ్చిన కథ కావాలంటే వరి వైపు చూడాలి. మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, కోస్తా అంతటా, ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. నీళ్ళ కింద వారం పది రోజులు మునిగితే మాత్రం కుళ్ళిపోయేది. నాగావళి, వంశధార పొంగినప్పుడు పల్లపు మడుల రైతుకు ఆ బాధ తెలుసు. ఒడిశా పాత రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఏ మునిగినా బతికేది, కానీ దిగుబడి అంతంతమాత్రం. ముంపును తట్టుకునే గుణం ఎక్కడుందో 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ వెతికితే తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒక పెద్ద శిఖరం కనబడింది. గుణంలోని తేడాలో దాదాపు 70 శాతం అక్కడిదే. దానికి సబ్1 అని పేరు పెట్టారు. అందులో పనిచేసే అసలు జన్యువు సబ్1ఏ అని తేలడానికి 2006 దాకా పట్టింది. మునిగిన మొక్క కంగారుపడి పైకి సాగిపోయి తన పిండి నిల్వలను ఖర్చు చేసుకోకుండా ఈ జన్యువు ఆపుతుంది. నీళ్ళు తీశాక మొక్క ఆ నిల్వతో చిగురిస్తుంది.

జన్యువు తేలే వరకు ఆగాల్సిన పని లేకుండా మార్కర్లు సాయపడతాయి. స్వర్ణతో మళ్ళీ మళ్ళీ సంకరం చేస్తూ, ప్రతి తరంలో సబ్1 పక్కనున్న మార్కర్లు చూసి ఆ ముక్క ఉన్న మొక్కలను ఉంచి, మిగతా క్రోమోజోములన్నీ స్వర్ణవే అయిన వాటిని ఏరుకుంటూ పోయారు. ప్రతి తరంలో వందల మొక్కలను నీళ్ళలో ముంచి చంపి చూడనక్కర్లేదు. చిన్న ఆకు ముక్క చాలు. 2009లో స్వర్ణ సబ్1 భారతదేశంలో విడుదలైంది. రెండు వారాల ముంపును తట్టుకుంటుంది, మిగతా అంతా స్వర్ణే. ఇంత చక్కగా కుదరడానికి కారణం ఆ 70 శాతం. అలాంటి క్యూటీఎల్ నూటికో కోటికో ఒకటి. దిగుబడికి ఇలాంటిది దొరుకుతుందని ఎదురుచూడటం దండగ.

చోడికి తిరిగొస్తే, దారి ఇంకా ఎగుడుదిగుడుగా ఉంది. వరికి 12 జతల క్రోమోజోములు. చోడికి 18 జతలు, అవి రెండు వేర్వేరు పూర్వీకుల నుంచి తొమ్మిదేసి జతలుగా వచ్చి కలిశాయి. వీటిని ఏ గుంపు, బీ గుంపు అంటారు; ఇందాకటి పట్టికలోని ఏ, బీలు కావు ఇవి. రెండూ దగ్గరి బంధువులు కాబట్టి డీఎన్ఏ చదివితే ఒకదానిలో మూడో క్రోమోజోమ్ ముక్క, రెండో దానిలో మూడో క్రోమోజోమ్ ముక్క దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ గుంపు మార్కరనుకున్నది బీ గుంపుది కావొచ్చు. తప్పుడు మార్కర్ మీద లేచిన శిఖరం తప్పుడు ఊరు చూపిస్తుంది. అందుకే చోడికి మొదటి జన్యుపటం రావడానికి 2007 దాకా పట్టింది. సాగు చోడిని ఆఫ్రికా అడవి చోడితో సంకరం చేసి దాన్ని తయారుచేశారు. అడవి మొక్కను ఎందుకు తెచ్చారంటే, సాగు రకాల మధ్య డీఎన్ఏ తేడాలు అంత తక్కువ. తేడా లేని చోట మార్కర్ ఉండదు.

ఇప్పుడు పరిస్థితి మెరుగు. 2017లో ఎంఎల్ 365 అనే రకం, 2018లో పీఆర్ 202 రకం జన్యుసమాచారం మొత్తం చదివారు. ఈ రెండో పేరు దగ్గర ఉత్తరాంధ్ర పాఠకుడు ఒక్క నిమిషం ఆగాలి. పీఆర్ 202 అంటే గోదావరి రకం. అరకు లోయ మెట్టచోడి నుంచి పెద్దాపురంలో ఏరి స్థిరపరచిన విత్తనం. జ్యూరిక్ విశ్వవిద్యాలయం, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి చదివిన ఆ సుమారు 150 కోట్ల అక్షరాల పుస్తకం మన కొండవాలు పోడు మడుల నుంచి దిగినదే. 2023లో కెన్యా రకం ఒకదాన్ని క్రోమోజోమ్ క్రోమోజోమ్‌గా పేర్చి ప్రచురించారు. ఆ పత్రంలోనే పువ్వు కీలాగ్రానికి ఊదా రంగు ఇచ్చే జన్యువు ఏది కావొచ్చో కూడా చెప్పారు. కళ్ళతో చూసే ఊదా రంగుల్లో ఒకదానికి ఇప్పుడు క్రోమోజోమ్ మీద ఒక చోటు దొరికిందన్నమాట.

సంకరం కష్టమైన పంటకు ఇంకో దారి ఉంది. కుటుంబం కట్టకుండా, ఊరూరి నుంచి సేకరించిన పాత రకాలనే వరుసగా నాటి కొలిచి, వాటి మార్కర్లతో పోల్చడం. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వేల చోడి రకాల నుంచి 622 రకాలను ప్రతినిధులుగా, వాటిలోంచి మళ్ళీ 80 రకాలను చిన్న ప్రతినిధి గుంపుగా ఎంచి పెట్టారు. ఇందులో ఉచ్చు వేరే రకం. ఆఫ్రికా రకాలన్నీ ఆలస్యంగా కంకి తీసి, భారతీయ రకాలన్నీ తొందరగా తీశాయనుకోండి. అప్పుడు ఆఫ్రికాకూ భారతదేశానికీ మధ్య తేడా ఉన్న ప్రతి మార్కరూ, కంకితో ఏ సంబంధం లేకపోయినా, శిఖరమై లేస్తుంది. అందుకే ఎవరు ఎవరికి ఎంత చుట్టమో ముందు లెక్కగట్టి, ఆ చుట్టరికాన్ని తీసివేశాకే సాఫ్ట్‌వేర్ మార్కర్‌ను పరీక్షిస్తుంది. టాసెల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ పని కోసమే ఉన్నాయి.

అగ్గి తెగులు విషయంలో విజయనగరం లాంటి చోటుకు ఒక అనుకూలత ఉంది. తెగులు పుట్టించే శిలీంధ్రంలో ప్రాంతాన్ని బట్టి తెగలు మారతాయి. హిమాలయాల్లోని ఆల్మోరాలో తట్టుకున్న రకం తీరంలో తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. మ్యాపింగ్ కుటుంబాన్ని ఇక్కడి తెగులు మధ్య, ఇక్కడి తేమలో పెంచి, ఆకు మీద మచ్చలు, మెడ విరుపు, కంకి వేళ్ళ మీద తెగులు మూడింటినీ విడివిడిగా కొలిచి రాస్తే మూడు వేర్వేరు గీతలు వస్తాయి. మూడింటికీ ఒకే చోట శిఖరం లేచిందా, వేర్వేరు చోట్లా అన్నది సంకరం చేసేవాడికి కావలసిన సమాచారం. మూడూ కలిపి తెగులు స్కోర్ అని ఒకే అంకె రాసుకుంటే అది దొరకదు.

దిగుబడి లాంటి గుణానికి మాత్రం ఇప్పుడు చాలామంది శిఖరాల వేట మానేస్తున్నారు. ప్రతి మార్కర్‌కూ, గీటురాయి దాటినా దాటకపోయినా, ఎంతో కొంత విలువ ఇచ్చి, అన్నీ కూడి ఈ వరస ఎంత పండొచ్చో అంచనా వేస్తారు. ఏ జన్యువు ఎక్కడుందో అందులో తెలియదు. మంచి వరసను ముందుగా ఏరుకోవడానికి ఆ తెలివిడి అక్కర్లేదు కూడా. అలా ఏరిన వరసైనా, సబ్1 లాగా మార్కర్ పట్టుకుని తెచ్చిన వరసైనా, ఆ తర్వాత పాత రకాలతో కలిసి బహుళ ప్రాంత పరీక్షల్లో మూడు ఖరీఫ్‌లు నిలబడాలి. ఆపైన చిరుసంచుల్లో రైతుల మడుల్లోకి వెళ్ళాలి. అక్కడ దాన్ని చూసేది లాడ్ కాదు. ఎన్ని రోజులకు కోతకొస్తుంది, గడ్డి పశువు తింటుందా, అంబలి ఎర్రగా వస్తుందా తెల్లగా వస్తుందా అని అడిగే మనుషులు.